నీళ్ళ కింద ఎకరం ఎనభై సెంట్లు

తాడేపల్లిగూడెం,
జూన్ 21.

చిరంజీవి ఉషశ్రీకి,

అమ్మమ్మ ఆశీస్సులు. మీ ఫోన్లు ఏసీబీ వాళ్ళు పట్టుకెళ్ళారని మీ ఎదురింటావిడ చెప్పింది. నిన్ను పిలుస్తానంటే నేనే వద్దన్నాను. ఇవి పరాయి గడపలో నిలబడి మాట్లాడే మాటలు కావు. నువ్వూ ఉత్తరమే రాయి. స్పీడ్ పోస్టులో వేస్తే మర్నాటికి గూడెం వస్తుంది.

ముందు నీ ఆరోగ్యం చూసుకో. పిల్లని బడి మాన్పించకు. ఎవరేమన్నా దుర్గ తల వంచుకోవలసిన పని లేదు. అది చేసిన తప్పేమీ లేదు.

నీ భర్త సంగతి పేపర్లో చదివాను. ఆదాయానికి మించిన ఆస్తులని హెడ్డింగు పెట్టి ఇల్లు, స్థలాలు, లాకరు అన్నీ వరసగా వేశారు. ఇంజనీరు జీతం ఎంతుంటుందో నాకు తెలుసు. మీ గృహప్రవేశం నాడు ఆ నున్నటి మెట్ల మీద కూర్చుని కూడిక వేసుకున్నాను కూడా. కుదరలేదు. సరే, అది మీ సంగతి.

నిన్న నాకు కోర్టు నోటీసు వచ్చింది. ఇది నా సంగతి. కొల్లేటి ఒడ్డున మా పుట్టింటి ఊళ్ళో నిత్యానందం లీజుకి చేస్తున్న చేపల చెరువు, నలభై రెండెకరాలు, మొత్తం జప్తులో పెట్టారు. ఫణికిరణ్ ఆస్తుల జాబితాలో అది ఆఖరిది. మా నాన్నగారు నాకిచ్చిన ఎకరం ఎనభై సెంట్లు ఆ చెరువులోనే ఉంది.

నువ్వు చిన్నపిల్లవి అప్పుడు, గుర్తుండదు. అందరూ వరి మానేసి చేపలకి దిగిన రోజుల్లో మేం పదకొండు మంది చేలు కలిపి ఒకే చెరువు చేయించాం. మధ్య గట్లు కొట్టేసి చుట్టూ పెద్ద గట్టు వేశాం. హద్దురాళ్ళకి వలలు చిరుగుతాయంటే అవీ పీకించాం. నా రాళ్ళు నాలుగూ లారీ మీద ఇక్కడికి తెప్పించుకున్నాను. మూడు పెరట్లో ఉన్నాయి, నాలుగో దాని మీద పనమ్మాయి బట్టలుతుకుతుంది. మొన్న రీసర్వేకి వచ్చి ఎవరి చేను ఎక్కడో చూపించమంటే నాకు కంటి ఆపరేషనైన వారం. మిగతావాళ్ళు నిత్యానందం చూసుకుంటాడన్నారు. చూసుకున్నాడు. ఎవరూ హద్దు చూపించలేదు కనుక చెరువంతటికీ ఒకటే నంబరు పడింది.

దొంగసొమ్ము కక్కించే చట్టం ఉండకూడదని నేననను. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా పనిచేసినదాన్ని, కాపీ కొట్టినవాడి పేపరు లాక్కోవడం తెలుసు. పక్క బల్ల మీదివాడి పేపరు కూడా లాక్కుని, నీ సొంతంగా రాశావని నువ్వే రుజువు చేసుకోమంటున్నారు. అదీ భయం.

ఒక్క ప్రశ్న అడుగుతాను, సూటిగా జవాబు రాయి. ఆ చెరువుకీ నీ భర్తకీ సంబంధం ఎలా వచ్చింది?

మీ అమ్మమ్మ,
వెంకటనరసమ్మ


ఏలూరు,
జూలై 1.

పూజ్యులైన అమ్మమ్మగారికి,

మీ మనవరాలు ఉష నమస్కారాలు. ఆలస్యానికి కోప్పడకండి. రోజూ కాగితం ముందు కూర్చుని మీ ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాను.

ఆయన బెయిలు మీద వచ్చారు. సస్పెన్షన్‌లో ఉన్నారు. గదిలోంచి బయటికి రావడం లేదు. దుర్గ బడికి వెళ్తోంది, కానీ ఆటోలో వెనకసీటు అడుగుతోందట.

సోదాకి వచ్చినవాళ్ళు మర్యాదగానే ఉన్నారండీ. అదే ఎక్కువ భయమేసింది. వంటింట్లో డబ్బాలు ఒక్కొక్కటీ దింపి, మినప్పప్పులో చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ అదే వరసలో సర్దారు. దుర్గ పుట్టినప్పుడు మీరిచ్చిన వెండి ఉగ్గుగిన్నె తూకం వేశారు. ఒకాయన నా మెడవంక చూసి, "సూత్రాలు రాయంలెండమ్మా" అన్నారు. అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

ఇల్లు నా పేరున ఉంది కదా. ఉండచ్చు గాని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఆ ఇంటికి అరవై రెండు లక్షలయింది. ముప్పై బ్యాంకు లోను. మిగతా ముప్పై రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయో నేను చెప్పాలి. చెప్పలేకపోతే ఇల్లు పోతుంది. అంతేకాదు, ఆయనకి సాయం చేశానని నన్నూ ముద్దాయిగా చేర్చచ్చట. స్కూల్లో నా జీతం మీకు తెలుసు.

చెరువు సంగతి: నిత్యానందంగారికి మేతకీ చేపపిల్లలకీ ఆయన డబ్బు సర్దారట. బదులుగా లాభంలో సగం రాయించుకున్నారు. ఆ అగ్రిమెంటులో చెరువంతా నిత్యానందంగారిదే అన్నట్టు రాసుకున్నారు. అది బయటపడ్డాకే నాకు తెలిసింది.

ఇప్పుడు మిమ్మల్నొకటి అడగాలి. మా లాయరు ఆనంద్ పాల్ గారు చాలా అనుభవం ఉన్నవారు. ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమికి రిజిస్ట్రేషన్ లేకపోయినా, నోటిమాటగా ఇచ్చినా కోర్టులు ఒప్పుకున్న సందర్భాలున్నాయన్నారు. ఆ ఎకరం ఎనభై నా పెళ్ళిలో నాకు పసుపు కుంకుమగా ఇచ్చానని, పద్నాలుగేళ్ళ లీజూ ఏటా నా చేతికే ఇచ్చానని మీరొక అఫిడవిట్ రాయాలి. రమారమి పదహారు లక్షలవుతుంది. సగం తేలితే మిగతా సగానికి ఏదో దారి దొరుకుతుందట. మీ మాటంటే మాటే అని గూడెంలో అందరికీ తెలుసు కదండీ.

మీ పాదాలకు నమస్కరిస్తూ,
ఉష


తాడేపల్లిగూడెం,
జూలై 9.

ఉషశ్రీకి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. కోపంలో రాస్తే అక్షరం పాడవుతుంది.

పద్నాలుగేళ్ళలో ఆ చెరువు మీద నాకొచ్చిన లీజు పదిహేను లక్షల తొంభై వేలు. నీ లాయరుగారి అంచనా బాగానే ఉంది. అందులో నీకిచ్చింది ఏమీ లేదు. పండక్కి చీర, పురిటికి పథ్యం, ఉగ్గుగిన్నె, ఇవన్నీ నా పెన్షన్లోవి.

లీజు డబ్బు ఎక్కడికెళ్ళిందో నీకు తెలియదా? మీ తాతగారికి కిడ్నీలు పోయిన నాలుగేళ్ళూ వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఏలూరు తీసుకొచ్చాను. కారు బాడుగ, ఇంజక్షన్లు, చివర్లో ఐసీయూ. శనివారాలు నువ్వే వచ్చి ఆయన పక్కన కూర్చునేదానివి. ఆయన నీ చేత పేపరు చదివించుకుని, నిద్రపోయి, లేచి, మళ్ళీ మొదట్నించీ చదవమనేవారు. అంతకు ముందు దాచినదీ, ఆ తర్వాత వచ్చినదీ ఆ ఖర్చులకీ, చేసిన అప్పులకీ సరిపోయింది.

ఆ డబ్బు నీకిచ్చానని ప్రమాణం చేసి రాస్తే, ఆయనకి వైద్యం దేనితో జరిగిందంటారు? దానికింకో అబద్ధం రాయాలి. నేను బోర్డు మీద తప్పు లెక్క ఎప్పుడైనా వేశానేమో గాని, తప్పని తెలిసి వెయ్యలేదు.

అఫిడవిట్ రాయను. మళ్ళీ అడగవద్దు.

ఇంకొకటి. నా ప్రశ్నకి నువ్వు సగమే జవాబు రాశావు. నిత్యానందం ఉండేది కొల్లేటి లంకలో. మీ ఆయన ఆఫీసు ఏలూర్లో. ఒకరికొకరు ఎలా తెలుసు?

వెంకటనరసమ్మ


ఏలూరు,
జూలై 14.

అమ్మమ్మగారికి,

మీరు రాయనన్నారు. సరేనండి.

కానీ పసుపు కుంకుమ మాట నేను కల్పించింది కాదు. అప్పగింతలప్పుడు మీరే నా నుదుట బొట్టు పెట్టి, కొల్లేటి ఎకరం ఎనభై నా మనవరాలి పసుపు కుంకుమకి, అని అందరూ వినేలా అన్నారు. పురోహితుడు దక్షిణామూర్తిగారు విన్నారు. తాతగారు విన్నారు. మైకు కూడా ఆపలేదు, వీడియోలో ఉంది. ఆ రోజు మా అత్తగారు నన్ను చూసిన చూపు మారిపోయింది.

ఆ తర్వాత మీరెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నేనూ అడగలేదు. పెద్దవాళ్ళని అడుగుతామా?

ఇచ్చానని అనడం నిజమా, ఇవ్వలేదని అనడం నిజమా అమ్మమ్మా? మీరే చెప్పండి. నాకిక లెక్కలు రావు.

ఉష


ఆకివీడు,
ఆగస్టు 5.

చిరంజీవి ఉషకి,

మా పిన్ని కూతురింట్లో దిగి ఇది రాస్తున్నాను. భీమవరం మీదుగా బస్సులో వచ్చాను. మోకాళ్ళు మాట వినడం లేదు, అయినా తీసుకొచ్చాను.

నీ ఉత్తరానికి జవాబు అక్కడ కూర్చుని రాయలేకపోయాను. అన్నాను. ఆ మాట అన్నాను. ఎందుకు చేతల్లో పెట్టలేదంటే, పెళ్ళైన ఆరునెలలకే ఫణికిరణ్ కారు మార్చాడు. ఆ భూమి రాసిస్తే ఏడాదిలో అమ్మించేస్తాడనిపించింది. నా దగ్గరే ఉంటే నీకు భద్రమనుకున్నాను. ఆ తర్వాత మీ తాతగారి జబ్బు వచ్చింది. మాట అక్కడే ఉండిపోయింది.

నిన్న చెరువు దగ్గర మా పదకొండు మందికీ కూటం. మోటారు షెడ్డు పక్కన టార్పాలిన్ పరుచుకుని కూర్చున్నాం. నిత్యానందం ఊళ్ళో లేడు. చేపలకి మేత వేసేవాడు లేక నీళ్ళు పచ్చబడ్డాయి, అంచున శీలావతి చేపలు నోళ్ళు పైకెత్తి తేలుతున్నాయి. జప్తులో ఉన్న చెరువులో చేప పట్టాలన్నా కోర్టు అనుమతి కావాలట. చూస్తూ కూర్చోవడమే.

అందరూ కలిసి ఒకే అభ్యంతరం వేద్దామని తాతారావు ఒక లాయరు చేత కాగితం తయారు చేయించాడు. గడువు ఈ నెల ఇరవై దాకా పెంచారు. తాతారావు ఎనిమిదెకరాలవాడు, మా అందరిలోకీ పెద్దకమతం అతనిదే. నాకు బళ్ళో శిష్యుడు. కాగితం బాగానే ఉంది. పాత పట్టాలు, శిస్తు రసీదులు, చెరువు ఎండగట్టి కొలిపించి ఎవరి భూమి వారికి విడదీయాలని ప్రార్థన. చివర్లో ఒక వాక్యముంది. ముద్దాయికి గాని, అతని కుటుంబానికి గాని ఈ చెరువులో ఏ భాగంలోనూ ఎటువంటి హక్కూ, ఎప్పుడూ లేదు, అని.

పదిమందీ సంతకాలు పెట్టారు. కలం నా చేతికొచ్చింది. నేను పెట్టలేకపోయాను.

పసుపు కుంకుమ సంగతి చెప్పాను. తర్వాత తాతారావు నెమ్మదిగానే అన్నాడు: "టీచరుగారండీ, పెళ్ళి పందిట్లో అన్న మాటలన్నీ దస్తావేజులైతే నేనీపాటికి మా బావమరిదికి ట్రాక్టరు కొనివ్వాలి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని కలం కింద పెట్టాను.

అప్పుడు అతనికి విసుగొచ్చింది. పదకొండులోంచి ఒకటి తీస్తే పదేనని, నేను లేకుండానే వేసేస్తామని అన్నాడు. అరవై సెంట్ల జాకబ్ ఒప్పుకోలేదు. నంబరు ఒకటే కాబట్టి ఒకరు మిగిలిపోతే మిగతా పదిమందినీ విడదీయరన్నాడు. పైగా ముద్దాయి భార్యకి ఇందులో వాటా ఉందని తేలితే, ఈ పదకొండు మందీ అతని మనుషులే, డబ్బు దాచడానికి పేర్లిచ్చారు అంటారని భయపడ్డాడు. ఆ భయం ఒట్టిది కాదు. జాకబ్ కూతురు నర్సింగు చదువుతోంది. ఫీజు లీజు మీదే.

వెళ్ళేటప్పుడు నా దగ్గరికొచ్చి, "మీరు అబద్ధం రాయద్దండి. రాయకుండా మమ్మల్ని ముంచద్దండి" అన్నాడు. రెండూ ఎలా చెయ్యాలో అతనికీ తెలియదు, నాకూ తెలియలేదు.

ఇదీ పరిస్థితి. నీదని రాస్తే వీళ్ళు మునుగుతారు. నాదని రాస్తే నా నోరు అబద్ధమవుతుంది. రాత్రి కూర్చుని ఇంకో లెక్క వేశాను. ఆ రోజు అన్న మాట మాటే అయితే, ఆ పదిహేను లక్షల తొంభై వేలూ నీవి. అంటే మీ తాతగారు నాలుగేళ్ళు బతికింది నీ డబ్బుతో. నీకు చెప్పకుండా నీది వాడుకున్నాను. ఇది ముందు నాకు తట్టలేదు.

ఇక్కడ గాలి మారింది, వాన వచ్చేలా ఉంది. నీ ఇల్లు నిలబడాలని నాకూ ఉంది ఉషా.

మీ అమ్మమ్మ


ఏలూరు,
ఆగస్టు 10.

అమ్మమ్మకి,

మీ ఉత్తరం ఆయనకి చూపించలేదు. లాయరుగారికీ చూపించలేదు. రెండుసార్లు చదివి, మీరడిగిన దానికి మిగిలిన సగం జవాబు రాస్తున్నాను.

నిత్యానందంగారిని ఆయనకి పరిచయం చేసింది నేనే. ఐదేళ్ళ కిందట పెద్దింట్లమ్మ గుడికి కొల్లేటికోట వెళ్ళినప్పుడు, దారిలోనే కదా అని చెరువు చూపిస్తానన్నాను. గొప్పకి. మా అత్తగారి వైపు అందరికీ అత్తిలిలో పొలాలున్నాయి, పెళ్ళిలో అన్న మాట తప్ప నాకేమీ లేదనుకుంటారు. గట్టు మీద నిలబడి, ఇందులో నా పసుపు కుంకుమ ఉంది, అన్నాను. ఎక్కడ, అన్నారు ఆయన. నేను చెయ్యి చాపి నీళ్ళకేసి అటూ ఇటూ చూపించాను. ఎక్కడో చెప్పలేకపోయాను.

ఆయన నవ్వారు. కాసేపటికి, "ఇదేదో బాగుందే. ఇక్కడ ఎవరిది ఎంతో దేవుడికి కూడా తెలీదు" అన్నారు. ఆ వారంలోనే నిత్యానందంగారి నంబరు అడిగారు. ఎందుకని అడిగి ఉంటే చెప్పేవారేమో. నేను అడగలేదు. ఇల్లు కొన్నప్పుడూ అడగలేదు. నా జీతం, ఆయన తెచ్చేది, బ్యాంకులోది, చేతిలోది అంతా ఒక్కచోటే కలిసేది. మేమూ గట్లు తీసేశాం అమ్మమ్మా. ఇప్పుడు ఆ ఇంట్లో నాది ఏ గదో చూపించమంటే మళ్ళీ అలాగే చెయ్యి చాపి తిప్పాలి.

వాళ్ళ సంబంధం అగ్రిమెంటు బయటపడ్డాకే తెలిసిందని మీకు అబద్ధం రాశాను. మీరు అప్పుడే పట్టుకుని ఉంటారు, మీ సంగతి నాకు తెలుసు.

ఆనంద్ పాల్ గారి దగ్గరికి ఒంటరిగా వెళ్ళాను. నాకు కావలసిందేమిటో చెప్పాను. నేను గెలిచే దారి మూసుకుంటున్నానని ఆయన మూడుసార్లు అన్నారు. అయినా రాసిచ్చారు. దీంతో నోటరీ కాగితం పంపుతున్నాను. పెళ్ళిలో మా అమ్మమ్మ ఆ మాట అన్న సంగతి నిజమని, భూమిని నేను ఏనాడూ నా స్వాధీనంలోకి తీసుకోలేదని, ఒక్క ఏడు లీజూ అందుకోలేదని, ఇప్పుడు తీసుకోనని. తాతారావుగారి కాగితంలో ఆ చివరి వాక్యం తీసేసి దీన్ని జత చెయ్యమనండి. దాచకుండా చెప్పేస్తే పదిమందికీ మంచిదేనని ఆనంద్ పాల్ గారు కూడా అన్నారు.

ఇల్లు పోతుంది. దుర్గకి ఇంకా చెప్పలేదు.

తాతగారి లెక్క ఒకటి రాశారు చూడండి. దాని గురించి మీరు బాధపడితే నాకు కోపం వస్తుంది. నా జీవితంలో ఏ డబ్బు ఎటు పోయిందో నేను ఎవరికైనా చెప్పగలిగేది అదొక్కటే.

ఉష


తాడేపల్లిగూడెం,
నవంబరు 19.

చిరంజీవి ఉషకి,

నీకు బడి ఉందని కోర్టుకి రావద్దన్నాను కదా. జరిగింది రాస్తున్నాను.

ముందు తాతారావుని అడిగారు, తర్వాత జాకబ్‌ని, ఆ తర్వాత నన్ను. కుర్చీ వేయించారు. ప్రభుత్వం తరపు లాయరు కుర్రవాడు, బాగా చదువుకున్నవాడు. మీ పెళ్ళి వీడియో చూశాడట. నేనే ఇచ్చాను మరి.

ఆ భూమి మనవరాలికిచ్చానని నలుగురిలో చెప్పారా అన్నాడు. చెప్పానన్నాను. తర్వాత ఏ ఒక్క ఏడైనా లీజు ఆవిడకిచ్చారా అన్నాడు. లేదన్నాను. ఏం చేశారన్నాడు. చెప్పాను. ఆసుపత్రి బిల్లులు చూపించాను. అవి చూసి ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు, అది అతని పని.

"అంటే మీ మనవరాలికి ఇచ్చానని పేరు మీరు తెచ్చుకుని, ఆదాయం మాత్రం మీరే తిన్నారన్నమాట."

"అవునండి" అన్నాను.

హాల్లో మన బళ్ళో చదివినవాళ్ళు ఇద్దరున్నారు, ఒకడు గుమాస్తా. వాడు తల దించుకున్నాడు. నేను దించలేదు. అవునన్నందుకే సిగ్గుపడితే, కాదని ఉంటే ఏం చెయ్యాలి?

ముగ్గురు నలుగుర్ని అడిగాక జడ్జిగారు ఉత్తర్వు చదివారు. మాకు భూమి తిరిగి ఇచ్చెయ్యలేదు. చెరువు ఎండగట్టి, సర్వేయరు చేత పాత కొలతల ప్రకారం కొలిపించి, ఎవరి భాగం వారికి విడగొట్టి రిపోర్టు ఇమ్మన్నారు. అది వచ్చాక జప్తులోంచి తీసే సంగతి చూస్తారట. చేపలు పట్టి అమ్మి ఆ డబ్బు కోర్టులో కట్టాలి. తాతారావు బయటికొచ్చి నాకు కొబ్బరినీళ్ళు ఇప్పించాడు. గ్లాసు రెండుసార్లు నింపించాడు.

నీ ఇంటి సంగతి ఏమైంది? రెండు వారాలుగా నువ్వు దాని గురించి ఒక్క ముక్క రాయడం లేదు. నాకు అది నిద్ర పట్టనివ్వడం లేదు.

మీ అమ్మమ్మ


పవర్‌పేట, ఏలూరు,
డిసెంబరు 2.

అమ్మమ్మకి,

పైన అడ్రసు మారింది చూశారా. రెండు గదులు, వెనక బావి. అద్దె నా జీతంలోంచే కడతాను, అద్దె రసీదు అడిగి తీసుకుంటున్నాను. ఇంటివాళ్ళకి అదొక విచిత్రంగా ఉంది.

ఆ ఇంట్లో ఉండచ్చన్నారు గాని ఉండలేకపోయానండీ. ఆయన అత్తిలి వెళ్ళారు, వాళ్ళమ్మగారి దగ్గరికి. పోట్లాడుకోలేదు. చెరువు కాగితం రాసిచ్చానని తెలిసిన రోజు, "నీ మూలంగానే మునిగాం" అన్నారు. నేను, గట్టు మీదికి తీసుకెళ్ళింది మాత్రం నేనే, అన్నాను. అంతే.

నన్ను ముద్దాయిగా చేర్చలేదు, సాక్షిగా పెట్టారు. ఇక మీదట చేర్చరని ఎవరూ చెప్పలేదు. గేటు చప్పుడైతే ఇప్పటికీ డబ్బాల వంక చూస్తాను.

దుర్గకి చెప్పాను. ఏడ్చింది. తర్వాత ఇక్కడి నుంచి బడికి నడిచి వెళ్ళచ్చు కదా అంది. ఆటోలో వెనకసీటు బెడద ఉండదు.

ఆ ఎకరం ఎనభై విడుదలయ్యాక నా పేరున రాస్తానని మొన్న ఫోన్లో అన్నారు. (కొత్త ఫోను కొన్నాక మొదటిసారి మాట్లాడింది మీతోనే, కానీ మీరు తొందరగా పెట్టేశారు.) వద్దండీ. ఇప్పుడే వద్దు.

ఉష


తాడేపల్లిగూడెం,
ఏప్రిల్ 14.

చిరంజీవి ఉషకి,

ఆశీస్సులు. ఫోనులో చెప్పచ్చు గాని ఉత్తరం అలవాటైంది. పైగా ఫోనులో నేను చెప్పేది పూర్తయ్యేలోపే నువ్వు ఊఁ అంటావు.

చెరువు ఎండింది. ఇన్నేళ్ళ తర్వాత అడుగు చూశాను. బురద పైన పగిలి కింద మెత్తగా ఉంది, మధ్యలో ఒక గుంటలో కొంగలు. అందరం మన గట్టు ఇక్కడంటే ఇక్కడని వేళ్ళు చూపించుకున్నాం. సర్వేయరు యంత్రం పెట్టి కొలిస్తే ఒక్కరిదీ సరిగ్గా లేదు. నేను చూపించిన చోటు జాకబ్‌ది. అతను నవ్వి, "ఉంచుకోండి టీచరుగారూ, మీ ఫీజనుకుంటాను" అన్నాడు.

పదకొండు భాగాలూ విడగొట్టి రిపోర్టు వెళ్ళింది. జప్తు ఎప్పుడు ఎత్తేస్తారో ఇంకా తెలియదు. మళ్ళీ చెరువు నింపుకుంటాం గాని ఈసారి రాళ్ళు పీకం. వలలు చిరగకుండా రాళ్ళకి పాత టైర్లు తొడగాలని తాతారావు కనిపెట్టాడు. చదువుకునే రోజుల్లో ఇంత బుర్ర చూపించలేదు వాడు.

నీ పేరున రాసే విషయం. ఆనంద్ పాల్ గారిని నేనూ అడిగాను. నువ్వన్నదే సబబు. ఇప్పుడు నీకు ఏది రాసినా అది కూడా లెక్కల్లోకి లాగుతారు. వీలునామా రాసినా, నేను పోగానే నీకు వస్తుంది, మళ్ళీ అదే గొడవ. ఫణికిరణ్ కేసు తేలాకే ఇవ్వాలి. ఎన్నాళ్ళు పడుతుందంటే, పైకోర్టులన్నీ కలిపి పదేళ్ళు అనుకోండి అన్నారాయన. చాలా మామూలుగా అన్నారు.

నాకిప్పుడు డెబ్బై ఆరు. ఆ మాట విన్నాక ఇంటికొచ్చి కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి, పంచదార మానేశాను. పొద్దున్న ఉల్లిపాయల మార్కెట్టు దాకా నడిచి వస్తున్నాను. మోకాళ్ళ డాక్టరుకి చూపించుకోవాలని నువ్వు నాలుగేళ్ళుగా పోరుతున్నావు కదా, సోమవారానికి అపాయింట్‌మెంటు తీసుకున్నాను.

మూడు రాళ్ళు పాతేశారు. నాలుగోది బట్టలుతికే రాయి, అరిగి నున్నబడింది, అయినా అదే కావాలని నేను పట్టుబట్టాను. దాన్ని బుధవారం పాతుతారు. రాయి పాతేటప్పుడు ఇంటివాళ్ళు ఒకరు పక్కన నిలబడాలి, ఎక్కడ పాతారో కళ్ళతో చూసినవాళ్ళుండాలి. దుర్గని తీసుకుని రా. ఇద్దరూ పాత చెప్పులు వేసుకురండి, బురద.

మీ అమ్మమ్మ,
వెంకటనరసమ్మ